ఫైబర్‌గ్లాస్ హాట్‌రాడ్‌లో ఇంజిన్‌కు చోటు, బాడీకి వేడి: తరచుగా అడిగే ప్రశ్నలు

వేగం కోసం మార్చి కట్టుకునే పాతకాలపు కారునే హాట్‌రాడ్ అంటారు. పాత ఫోర్డ్ ఆకారంలో ఫైబర్‌గ్లాస్ బాడీ కొని, అందులో పెద్ద వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజిన్ దించాలనుకునేవాళ్ళు రెండు విషయాలు అడుగుతారు. ఇంజిన్ పడుతుందా? బాడీ తట్టుకుంటుందా? ఈ రెండూ విడి ప్రశ్నలు కావు. ఎక్కడ చోటు వదల్లేదో అక్కడే వేడి పేరుకుంటుంది. బాడీకి రంగు పడకముందే ఒక అంగుళం చోటు సంపాదించుకుంటే, తర్వాత ఎన్ని రేకులు, ఎన్ని ఇన్సులేషన్ షీట్లు కొన్నా దొరకని మేలు జరుగుతుంది. అమెరికాలో ఉంటూ సొంత గ్యారేజీలో ఇలాంటి బండి కడుతున్న తెలుగువాళ్ళకీ, ఇక్కడి నుంచి ఆసక్తిగా చూసేవాళ్ళకీ పనికొచ్చేలా ఈ జవాబులు రాశాను.

ముందుగా, ఏ బండి గురించి మాట్లాడుతున్నాం?

హాట్‌రాడ్లు దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టాయి. 1930ల్లో, మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, కుర్రాళ్ళు పాత ఫోర్డ్‌ల మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, ఇంజిన్‌కు పదును పెట్టి మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద వేగం చూసుకునేవారు. అందరూ ఇష్టపడింది 1932 ఫోర్డ్. ఆ ఏడాదే ఫోర్డ్ సామాన్యుడి ధరకు వీ8 ఇచ్చింది: 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. అసలు రేకు బాడీలు తరిగిపోయి ధర పెరిగాక, అదే ఆకారాన్ని ఫైబర్‌గ్లాస్‌లో పోసి అమ్మడం మొదలైంది.

కింది జవాబుల్లో నేను ఉదాహరణగా తీసుకునేది ఎక్కువమంది కట్టే జోడీనే: 1932 రోడ్‌స్టర్ ఫైబర్‌గ్లాస్ బాడీ, షెవర్లే స్మాల్ బ్లాక్ 350 ఇంజిన్. 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలైన ఆ ఇంజిన్ 1967 నాటికి 350కి పెరిగింది. చవకగా దొరుకుతుంది, విడిభాగాలకు కొదవ లేదు. కానీ 1932 ఫోర్డ్‌లో ఇరుసుల మధ్య దూరం 106 అంగుళాలే. అంత చిన్న బండి ముక్కు కింద ఈ ఇంజిన్ పడుతుందని ఎవరూ ఊహించి గీసింది కాదు.

ఇంజిన్ వేడికి ఫైబర్‌గ్లాస్ కరిగిపోతుందా?

కరగదు, మెత్తబడుతుంది. లోపలున్న గాజు పోగులకు ఏమీ కాదు, అవి మెత్తబడాలంటే 800 డిగ్రీల సెల్సియస్ దాటాలి. బలహీనత అంతా వాటిని పట్టి ఉంచే రెసిన్‌ది. మామూలు పాలిస్టర్ రెసిన్ 60 నుంచి 85 డిగ్రీల మధ్యే గట్టితనం కోల్పోవడం మొదలుపెడుతుంది. కాస్త మేలు రకమైన ఐసోథాలిక్ పాలిస్టర్ 90, 100 దాకా నిలుస్తుంది. వినైల్ ఎస్టర్ వందకు పైనే. మన కోస్తా రేవుల్లో ఫైబర్ పడవలు చేసేవాళ్ళు వాడేదీ ఈ పాలిస్టర్ కుటుంబమే.

ఎపాక్సీ వాడితే ఈ బాధ ఉండదని చాలామంది నమ్ముతారు. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ కూడా 50, 70 డిగ్రీల మధ్యే మెత్తబడవచ్చు. దాన్ని మళ్ళీ వేడిలో ఉంచి కాలిస్తేనే అసలు బలం వస్తుంది. కాబట్టి బాడీ కొనేటప్పుడు ఏ రెసిన్ అని అడగండి, దాంతోపాటు ఎలా క్యూర్ చేశారని (గట్టిపరిచారని) కూడా అడగండి. రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర కొనడం మంచిది.

దీనికి ఎదురుగా ఇంజిన్ వైపు అంకెలు పెట్టి చూడండి. హెడర్ గొట్టాల (ఇంజిన్ నుంచి కాలిన పొగను బయటికి తీసుకెళ్ళే గొట్టాల) పైభాగం 200 నుంచి 400 డిగ్రీలు, గట్టిగా తొక్కితే ఇంకా పైనే. కూలెంట్ 82 నుంచి 95. అంటే హెడరే కాదు, రేడియేటర్ నుంచి వచ్చే వేడి గాలి కూడా చవకరకం రెసిన్‌కు దాని హద్దు దగ్గర్లోనే ఉంటుంది. అయినా భయపడాల్సిన పనిలేదు. 1953లో మిషిగన్‌లోని ఫ్లింట్‌లో కట్టిన మొదటి 300 కార్వెట్ల (షెవర్లే స్పోర్ట్స్ కార్ల) బాడీలు ఫైబర్‌గ్లాస్‌వే. డెబ్బై ఏళ్ళుగా అమెరికా రోడ్ల మీద వీ8 కార్వెట్లు ఇదే పదార్థంతో తిరుగుతున్నాయి.

రేకు బాడీకి, దీనికి వేడి విషయంలో అసలు తేడా ఏమిటి?

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఉక్కు రేకు ఒకచోట వేడెక్కితే ఆ వేడిని చుట్టూ పాకిస్తుంది. ఫైబర్‌గ్లాస్ ఉక్కుతో పోలిస్తే 150, 200 రెట్లు తక్కువగా వేడిని పాకనిస్తుంది. అంటే హెడర్ ఎదురుగా ఉన్న అరచేతి వెడల్పు చోటే మొత్తం సెగను మింగుతుంది. పక్కన జానెడు దూరంలో చల్లగా ఉంటుంది. ఇంజిన్ వైపు రెసిన్ మాడుతున్నా, కేబిన్ వైపు చెయ్యి పెడితే గోరువెచ్చగానే తగులుతుంది. చాలామంది ఆ చేతి పరీక్షతోనే తృప్తిపడి మోసపోతారు.

రెండో తేడా వ్యాకోచం. మ్యాట్‌తో (గాజు పోగుల చాపతో) పోసిన ఫైబర్‌గ్లాస్ వేడికి ఉక్కు కంటే సుమారు రెండు రెట్లు ఎక్కువ సాగుతుంది. ఒకటిన్నర మీటర్ల బానెట్ 50 డిగ్రీలు వేడెక్కితే ఫైబర్‌గ్లాస్ రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, దాని కింద అంటించిన ఉక్కు ఫ్రేము ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ లాగులాటలో అంటించిన గీత పైకి కనబడుతుంది, లేదా రంగు మీద సన్నని పగులు వస్తుంది. లోహపు భాగాన్ని బిగించే చోట బోల్టు రంధ్రం కొంచెం వదులుగా, కోలగా ఉంచండి.

ఇంజిన్ చుట్టూ ఎంత ఖాళీ వదలాలి?

అన్ని వైపులా ఒకే కొలత పనికిరాదు, ఎందుకంటే ఇంజిన్ కదులుతుంది. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న వీ8ను గట్టిగా తొక్కినప్పుడు, అమెరికా బండ్లలో డ్రైవర్ ఉండే ఎడమ వైపు పైకి లేస్తుంది, కుడి వైపు కిందికి ఒరుగుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు జరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ బాడీ కూడా ఛాసిస్ మీద కాస్త అల్లాడుతుంది. ఈ రెండు కదలికలూ కలిసి వచ్చే క్షణంలో తగలకూడదు.

నేను పాటించమనే కొలతలు ఇవి. వేడి లేని భాగం, అంటే బ్లాక్ వెనక, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య గుల్ల), వాల్వ్ కవర్ లాంటివి, బాడీకి ముప్పావు అంగుళం దూరంలో ఉండాలి. ఎంత ఇరుకైనా అరంగుళం తగ్గకూడదు. తిరిగే ఫ్యాన్ రెక్కకూ రేడియేటర్‌కూ మధ్య అంగుళం. వేడి గొట్టానికీ ఫైబర్‌గ్లాస్‌కూ మధ్య రేకు అడ్డం లేకపోతే రెండు అంగుళాలు పైనే, మూడు దొరికితే మరీ మంచిది. అంత దొరకని చోట రేకు అడ్డం తప్పదు.

కాగితం మీది కొలతల్ని నమ్మి దిగకండి. రేకు బాడీ కొలతలతో వేసిన డ్రాయింగ్ ఫైబర్‌గ్లాస్‌కు సరిపోదు. ఇక్కడ గోడ మందమే పావు అంగుళం దాకా ఉండొచ్చు. లోపల ప్లైవుడ్ పెట్టి పోసిన చోట ముప్పావు అంగుళం కూడా ఉంటుంది. ఒకే పేరుతో అమ్మే బాడీలు కూడా అచ్చు అచ్చుకూ తేడా పడతాయి. బాడీని ఛాసిస్ మీద బిగించి, షిమ్‌లు (పలుచని బిళ్ళలు) వేసి తలుపుల సందులు సరిచేసుకున్నాకే ఇంజిన్ కూర్చోబెట్టి చూడాలి. ఖాళీ బ్లాక్ అయినా, కొలతలకు అమ్మే ప్లాస్టిక్ నమూనా బ్లాక్ అయినా సరే. దానికి హెడ్లు, హెడర్లు, స్టార్టర్, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచేది), స్టీరింగ్ షాఫ్ట్, బ్రేకు పెడల్ అన్నీ తగిలించండి. ఇంజిన్ తోక సాధారణంగా 3 డిగ్రీలు కిందికి వంగి ఉంటుంది. ఆ వాలు కూడా ఇప్పుడే పెట్టండి, లేకపోతే టన్నెల్ (గేర్‌బాక్సు కోసం ఫ్లోరులో ఎత్తుగా ఉండే భాగం) దగ్గర లెక్క తప్పుతుంది.

డిస్ట్రిబ్యూటర్ ఫైర్‌వాల్‌కు తగులుతోంది. ఏం చేయాలి?

స్మాల్ బ్లాక్ షెవర్లేకు డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది. 1932 ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కూ కేబిన్‌కూ మధ్య గోడ, దానికి సరిగ్గా అడ్డం వస్తుంది. మొదట చూడాల్సింది క్యాప్. 1970ల మధ్యలో వచ్చిన హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్‌కు కాయిల్ క్యాప్‌లోనే ఉంటుంది, తల పెద్దది. చిన్న క్యాప్ రకం పెట్టి కాయిల్‌ను విడిగా బిగిస్తే పని అయిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పటికీ చాలకపోతే, రెండు మూడు అంగుళాలు లోపలికి తోసిన ఫైర్‌వాల్ ఉన్న బాడీ తీసుకోవాలి, లేదా ఉన్నదాన్ని కోసి లోపలికి పెట్టించాలి. ఆ మేరకు కాళ్ళ దగ్గర చోటు తగ్గుతుంది. పొడుగ్గా ఉన్నవాళ్ళు ముందే సీట్లో కూర్చుని చూసుకోవడం మేలు.

ఇంకో మాట. డిస్ట్రిబ్యూటర్ తగలకపోతే చాలదు, దాన్ని పైకి లాగి తీయడానికి కూడా చోటుండాలి. పైన కౌల్ (ముందు అద్దం కింది బాడీ భాగం) అంచు అడ్డొస్తే చిన్న రిపేరుకు ఇంజిన్ దించాల్సిన గతి పడుతుంది.

ఫోర్డ్ స్మాల్ బ్లాక్ 289, 302 ఇంజిన్లకు డిస్ట్రిబ్యూటర్ ముందు ఉంటుంది కాబట్టి ఫైర్‌వాల్ కోయకుండానే కూర్చుంటాయి. 1997లో వచ్చిన షెవర్లే ఎల్‌ఎస్ ఇంజిన్ల కుటుంబానికి డిస్ట్రిబ్యూటరే లేదు. ఫైబర్‌గ్లాస్ బాడీ కోయడం ఇష్టం లేనివాళ్ళు ఈ రెంటినీ గట్టిగా ఆలోచించాలని నా సలహా.

ముందు వైపు రేడియేటర్‌కు చోటు చాలడం లేదు.

1968 వరకు వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్‌లకు పొట్టి వాటర్ పంపు ఉండేది, బ్లాక్ నుంచి సుమారు ఐదున్నర అంగుళాలు. 1969 నుంచి చాలా బండ్లకు వచ్చిన పొడుగు పంపు ఏడు అంగుళాలకు దగ్గర. పొట్టి పంపుకు మారితే అంగుళానికి పైగా ఊరికే వస్తుంది. బ్రాకెట్లు, పుల్లీలు కూడా దాని జతవే కొనాలి.

పంపు ఎటు తిరుగుతుందో చూసుకోండి. సర్పెంటైన్ బెల్టుతో (అన్ని పుల్లీలనూ తిప్పే ఒకే పొడుగాటి బెల్టుతో) వచ్చిన కొత్త తరం పంపులు కొన్ని ఎదురు దిక్కున తిరుగుతాయి. వాటిని పాత వీ-బెల్టుకు తగిలిస్తే నీళ్ళు సరిగా తిరగవు, ఇంజిన్ మరుగుతుంది, కారణం ఎక్కడా కనబడదు.

హెడర్లకు గుడ్డ చుట్టమంటారా?

మెయిన్ రోడ్డు మీద తిరిగే బండికి నేను చుట్టమనను. గుడ్డ వేడిని గొట్టం లోపలే ఉంచుతుంది, అది నిజమే. కానీ తడిని కూడా పట్టి ఉంచుతుంది. మైల్డ్ స్టీల్ గొట్టాలు లోపల్లోపల తుప్పు పట్టి పోతాయి. నూనె చుక్క పడితే అది పీల్చుకుంటుంది, తర్వాత అంటుకునే ప్రమాదం. దానికంటే లోపలా బయటా సెరామిక్ పూత వేయించడం మంచి దారి. ఖర్చు ఎక్కువే, అయినా ఈ బండిలో పెట్టే డబ్బుల్లో ఇది దండగ కాదు.

బ్లాక్‌కు అంటిపెట్టుకుని దిగే పొట్టి హెడర్లు ఇలాంటి ఇరుకు బండ్ల కోసమే చేసినవి. పాత షెవర్లే రామ్‌హార్న్ పోత ఇనుప మానిఫోల్డ్‌లు కూడా చక్కగా కూర్చుంటాయి. వాటి మందం వల్ల గొట్టాల హెడర్ల కంటే సెగ నెమ్మదిగా వస్తుంది, గాస్కెట్లు కారవు. చూపు కోసం కాకుండా నడపడానికి కడుతుంటే నా ఓటు వాటికే.

రేకు అడ్డం ఎలా పెట్టాలి?

హెడర్ నుంచి బాడీకి వచ్చేది ఎక్కువగా సెగ, అంటే కిరణాల రూపంలో వచ్చే వేడి. కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే వీపుకు చలి, ముఖానికి మంట తగిలినట్టే ఉంటుంది దీని పని. గొట్టం వేడి 200 నుంచి 400 డిగ్రీలకు పెరిగితే ఈ సెగ రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. అందుకే నెమ్మదిగా తిరిగే బండిలో ఏళ్ళ తరబడి కనబడని మచ్చ ఒక్క ఘాట్ రోడ్డు ప్రయాణంలో బయటపడుతుంది.

మెరిసే అల్యూమినియం ఈ సెగలో నూటికి తొంభై వంతులకు పైగా వెనక్కి కొడుతుంది. కానీ అది మెరుస్తున్నంత కాలమే. నూనె, దుమ్ము పట్టి నల్లబడితే ఆ గుణం పోతుంది, కాబట్టి తుడుస్తూ ఉండాలి. రేకుకు రెండు వైపులా గాలి ఆడాలి: గొట్టం వైపు కొంత, బాడీ వైపు కనీసం అరంగుళం. వెండి రంగు షీటును నేరుగా ఫైబర్‌గ్లాస్‌కు అంటించి చేతులు దులుపుకునేవాళ్ళు ఎక్కువ. లేనిదానికంటే నయమే, కానీ గాలి సందు వదిలిన పలుచని రేకు దానికంటే ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

బిగించే స్క్రూ కూడా వేడిని మోసుకొస్తుంది. రేకుకూ బాడీకీ మధ్య గొట్టంలాంటి స్పేసర్ పెట్టి, బాడీ వైపు వేడి పాకని వాషర్ వేయండి. ఫైబర్‌గ్లాస్ వెనక పెద్ద వాషర్ తప్పనిసరి. నట్టు మరీ బిగిస్తే రంధ్రం చుట్టూ నక్షత్రంలా పగుళ్ళు వస్తాయి. వీలైతే రేకును బాడీకి కాకుండా ఛాసిస్‌కో ఇంజిన్‌కో బిగించడమే అన్నిటికన్నా మేలు.

ఫైర్‌వాల్ ఫైబర్‌గ్లాస్‌దే ఉంచవచ్చా?

ఆకారానికి ఉంచండి, రక్షణకు నమ్మకండి. అమెరికాలో డ్రాగ్ రేసులు (తిన్నని దారిలో వేగపు పోటీలు) నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ తన నిబంధనల్లో ఫైర్‌వాల్ కనీసం 0.024 అంగుళాల ఉక్కు లేదా 0.032 అంగుళాల అల్యూమినియంతో ఉండాలని అడుగుతుంది. మీరు రేసుకు వెళ్ళకపోయినా ఆ తర్కం మీకూ వర్తిస్తుంది. మీ ప్రాణానికీ పెట్రోలు మంటకూ మధ్య కాలే పదార్థం ఒక్కటే ఉండకూడదు. ఫైబర్‌గ్లాస్ మీద ఇంజిన్ వైపు లోహపు రేకు, మధ్యలో సందు. వైర్లు, గొట్టాలు దాటే ప్రతి రంధ్రానికీ గ్రామెట్ (రబ్బరు వలయం) వేసి మూసేయండి. చిటికెన వేలంత రంధ్రం చాలు, పొగ, వేడి గాలి కేబిన్‌లోకి రావడానికి.

ట్రాఫిక్‌లో నిలబడితే మరుగుతోంది. హైవే మీద బాగుంటోంది. ఎందుకు?

గాలి చాలడం లేదు. 50, 60 కిలోమీటర్ల వేగం దాటాక ముందు నుంచి వచ్చే గాలే రేడియేటర్‌కు సరిపోతుంది. దానికి లోపు అంతా ఫ్యాన్ మీదే భారం. ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండి గాలిని మొత్తం రేడియేటర్ గుండా లాగించే తొడుగు) లేకుండా ఫ్యాన్ పెడితే అది తన ఎదురుగా ఉన్న వలయాన్ని మాత్రమే చల్లబరుస్తుంది, మూలలు ఊరికే ఉంటాయి. ముందు ష్రౌడ్ పెట్టండి, తర్వాతే పెద్ద ఫ్యాన్ గురించి ఆలోచించండి.

మరో కారణం చాలామంది పట్టించుకోనిది: వాక్యూమ్ అడ్వాన్స్ (స్పార్క్‌ను ముందుకు జరిపే ఏర్పాటు) గొట్టం పీకి మూసేసి ఉండటం. ఐడ్లింగ్‌లో మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది. స్పార్క్ ఆలస్యమైతే ఆ మంట ఎగ్జాస్ట్‌లోకి సాగి హెడర్లనూ హెడ్లనూ ఎర్రగా కాలుస్తుంది. ఆ గొట్టం తిరిగి తగిలిస్తే కూలెంట్ చల్లబడుతుంది, ఫైర్‌వాల్ మీద పడే సెగ కూడా తగ్గుతుంది. పైసా ఖర్చు లేని పని.

దీనికి తలకిందులుగా, హైవే మీద మరిగి ఊళ్ళో బాగుంటే రేడియేటర్ చిన్నదై ఉండాలి, లేదా కింది హోసు లోపలికి నొక్కుకుపోతూ ఉండాలి, లేదా వెళ్ళిన గాలి బయటికి పోయే దారి లేక ఉండాలి.

చల్లటి థర్మోస్టాట్ పెడితే సరిపోదా?

సరిపోదు. థర్మోస్టాట్ ఇంజిన్ ఎంత వేడికి తగ్గకూడదో చెబుతుంది, ఎంత దాటకూడదో కాదు. 82 డిగ్రీలది ఉంచి, 15 పౌండ్ల ప్రెజర్ క్యాప్, సగం నీళ్ళు, సగం కూలెంట్ వాడండి. ఆ జతతో సముద్రమట్టంలో మరిగే వేడి 129 డిగ్రీల దాకా వెళుతుంది.

బానెట్ పక్క రేకులు పెట్టాలా, తీసేయాలా?

1932 ఫోర్డ్ బానెట్ పక్కలకు లూవర్లు (గాలి పోయే చీలికలు) ఉండేవి. అవి అందానికి పెట్టినవి కావు. ఆ పాత ఫ్లాట్‌హెడ్ వీ8లో కాలిన పొగ దారి బ్లాక్ లోపలి నుంచే, నీటి గదుల పక్క నుంచే పోయేది, అందుకే అది వేడెక్కడానికి పేరుపడింది. ఈనాటి ఫైబర్‌గ్లాస్ బానెట్లలో నున్నటి పక్కలు ఎక్కువ. గ్రిల్ నుంచి దూరిన గాలి బయటికి పోలేక లోపల ఒత్తిడి పెరుగుతుంది, రేడియేటర్ గుండా కొత్త గాలి రాదు, ఉన్న వేడి ఫైర్‌వాల్‌నీ బానెట్ అడుగునూ కాలుస్తుంది. లూవర్లు కొట్టిన లోహపు పక్కలు పెట్టుకోవచ్చు. లేదా పక్కలు లేకుండా తిరగవచ్చు, హాట్‌రాడ్‌కు అది వంక కాదు. ఏది చేసినా ఫైర్‌వాల్ కింద, గేర్‌బాక్సు పక్కల నుంచి గాలి బయటపడే సందు ఉంచండి.

కాళ్ళ దగ్గర కాలిపోతోంది. ఏ ఇన్సులేషన్ కొనాలి?

కొనే ముందు బండి కింద దూరి చూడండి. ఫ్లోరుకూ ఎగ్జాస్ట్ గొట్టానికీ మధ్య ఎంత ఉంది? సైలెన్సర్ సరిగ్గా పాదాల కింద ఉందా? దాన్ని వెనక్కి జరిపితే సగం సమస్య తీరుతుంది. గొట్టానికే క్లాంపులతో బిగించే రేకు అడ్డం పెడితే మరికొంత. ఆ తర్వాతే లోపల కార్పెట్ కింద రేకు ముఖం ఉన్న ఫెల్ట్ వేయండి. తారు ఆధారిత షీట్లు వేడికి మెత్తబడి వాసన కొడతాయి, బ్యుటైల్ రకం మంచిది. ఒక హెచ్చరిక కూడా ఉంది. లోపల మాత్రమే మందంగా ఇన్సులేషన్ వేసి కింద అడ్డం పెట్టకపోతే, మీ కాళ్ళు చల్లగా ఉంటాయి గానీ ఫైబర్‌గ్లాస్ ఫ్లోరులోని వేడికి పైకి పోయే దారి కూడా మూసుకుపోయి అది ఇంకా ఎక్కువ కాలుతుంది.

బ్రేకు మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఉంది. ప్రమాదమా?

ఎగ్జాస్ట్ పక్కనే ఉంటే ప్రమాదమే. డాట్ 3 బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు మరుగుతుంది. తేమ పీల్చుకున్నాక దాని ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. ద్రవం మరిగితే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. బాడీకి పెట్టే రేకు కంటే ముందు దీనికి పెట్టండి. రెండేళ్ళకోసారి ద్రవం మార్చండి. రంగు చెడిపోతే మళ్ళీ వేయించుకోవచ్చు, బ్రేకు విషయంలో రెండో అవకాశం ఉండకపోవచ్చు.

వేడిగా ఉన్నప్పుడు ఆపితే మళ్ళీ స్టార్ట్ కావడం లేదు.

కార్బ్యురేటర్‌లోనో లైనులోనో పెట్రోలు ఆవిరవుతోంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఈ గుణం ఎక్కువ. లైనును హెడర్ వైపు నుంచి తప్పించి ఛాసిస్ బయటి పక్కగా తీసుకెళ్ళండి. కార్బ్యురేటర్ కింద ఫినాలిక్ (వేడి పాకని గట్టి ప్లాస్టిక్) స్పేసర్ వేయండి, కానీ అది ఎత్తు పెంచుతుంది కాబట్టి బానెట్‌కు ఎయిర్ క్లీనర్ తగలకుండా ముందే కొలుచుకోండి.

ఫైబర్‌గ్లాస్‌కు ఎర్త్ ఉండదు. దానికీ వేడికీ సంబంధం ఉందా?

ఉంది. రేకు బండిలో బాడీ అంతా ఎర్తే. ఇక్కడ ప్రతి లైటుకూ, ప్రతి గేజుకూ విడిగా ఎర్త్ వైరు లాగాలి. రేడియేటర్ ఫ్యాన్ 20, 30 ఆంపియర్లు లాగుతుంది. దాని ఎర్త్ వైరు సన్నదైతే ఓల్టేజీ పడిపోయి ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. చూసేవాళ్ళకు తిరుగుతున్నట్టే ఉంటుంది, ఇంజిన్ మాత్రం మరుగుతుంది. గేజు ఎర్త్ సరిగా లేకపోతే ఉష్ణోగ్రత కూడా తప్పుగా చూపిస్తుంది. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు మందమైన తీగలు వేసి, డ్యాష్‌బోర్డు వెనక ఒక ఎర్త్ బస్‌బార్ పెట్టుకోండి.

వేడి ఎంత చేరుతోందో ఎలా కొలవాలి?

తగిలిన వేడిని రంగు మార్చి చూపించి, మళ్ళీ పాత రంగుకు రాని స్టిక్కర్ పట్టీలు దొరుకుతాయి. హెడర్ ఎదురుగా, బానెట్ అడుగున, ఫ్లోరు కింద అంటించి గంటసేపు నడపండి. బండి ఆపిన వెంటనే చూసి తీసేయకండి. ఫ్యాన్, గాలి ఆగిపోయాక, ఆపిన పది ఇరవై నిమిషాల్లోనే బాడీ వేడి గరిష్ఠానికి చేరుతుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడితే మెరిసే లోహం మీద అది చాలా తక్కువ చూపిస్తుంది. అక్కడ నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. మామూలు పాలిస్టర్ బాడీ అయితే ఇంజిన్ వైపు 60 డిగ్రీలు దాటనివ్వకూడదన్నది నా లెక్క.

నల్ల రంగు వేయించుకోవచ్చా?

ఎండలో నిలబెట్టిన నల్ల బాడీ ఇంజిన్ అవసరం లేకుండానే 70 డిగ్రీలు దాటగలదు. ఫీనిక్స్‌లో అయినా రామగుండంలో అయినా అంతే. అప్పుడు రెసిన్ మరికొంత ముడుచుకుని, కింద ఉన్న గాజు నేత నమూనా రంగు మీదికి తేలుతుంది. నల్లనిదే కావాలంటే రంగు వేయకముందు బాడీని ప్రైమర్‌తో కొన్ని వారాలు ఎండలో ఉంచి, తేలాల్సిందంతా తేలాక మళ్ళీ రుద్ది అప్పుడు వేయించండి. పెయింటరు తొందరపెట్టినా వినకండి.

మంట అంటుకుంటే?

పాలిస్టర్ రెసిన్ కాలుతుంది, దట్టమైన నల్ల పొగ వస్తుంది, ఆ పొగ విషం. ఆపడానికి దొరికే సమయం తక్కువ. చేతికందే చోట మంటలార్పే సిలిండరు, బ్యాటరీని ఒక్క తిప్పుతో విడదీసే స్విచ్చు ఉండాలి. పెట్రోలు లైన్లలో రబ్బరు ముక్కలు వీలైనంత తక్కువ వాడండి. మంట పెద్దదైతే బండి వదిలి దూరం వెళ్ళండి.

ఇలాంటి బండి ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో కట్టి తిప్పవచ్చా?

రోడ్డు మీద కష్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ప్రదర్శనకో, సొంత స్థలంలో నడపడానికో కట్టుకోవచ్చు.

పూర్తయిన ఫైబర్‌గ్లాస్ హాట్‌రాడ్ కొంటున్నాను. ఏం చూడాలి?

బయటి రంగు కంటే ముందు బానెట్ అడుగు చూడండి. హెడర్ల పైన రెసిన్ గోధుమ రంగుకు తిరిగిందా, గాజు పోగులు తెల్లగా బయటపడ్డాయా చూడండి. ఫైర్‌వాల్ మీద వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళండి. శబ్దం ఒక్కసారిగా బోలుగా మారిన చోట పొరలు విడిపోయి ఉంటాయి. ఫ్లోరు కింద ప్లైవుడ్ అంచులు నల్లబడ్డాయేమో టార్చి వేసి చూడండి. తర్వాత యజమానిని అడిగి అరగంట నడిపించి, ఆపి, పావుగంట ఆగి బానెట్ తెరవండి. పుల్లటి, ఘాటైన రెసిన్ వాసన వస్తే ఆ బాడీ ఇప్పటికే తన హద్దు దాటి వేడెక్కుతోంది. ధర తగ్గించి అడగడానికి అది చాలు, హెడర్లు, రేకులు మళ్ళీ చేయించే ఖర్చు మీకు ఉండనే ఉంటుంది.